పాఠం చెప్పేటప్పుడు అడగని మార్కులు

2018లో ఒక ఆదివారం మధ్యాహ్నం, సీతంపేట ఏజెన్సీకి దిగువనున్న ఒక పట్టణంలో, శిక్షణ లేని ఉపాధ్యాయుల కోసం నడుస్తున్న డి.ఎల్.ఎడ్., అంటే ప్రాథమిక విద్యా డిప్లొమా, అధ్యయన కేంద్రంలో నేను లెక్కల బోధన గురించి మాట్లాడి బయటికి వస్తుండగా, వెనుక బెంచీలో ఎప్పుడూ మౌనంగా కూర్చునే ఒక సవర తెగ యువతి వరండాలో నన్ను ఆపింది. చేతిలో ప్లాస్టిక్ కవరులో దాచుకున్న ఇంటర్మీడియట్ మార్కుల జాబితా ఉంది. వెయ్యికి 432. "మాస్టారూ, ఈ పద్దెనిమిది మార్కులకి ఏదైనా దారి ఉందేటి?" అని అడిగింది. గిరిజన అభ్యర్థులకు కావలసిన 45 శాతానికి, అంటే 450కి, ఆమెకు అన్ని మార్కులే తక్కువ. అప్పటికి ఆమె ఏడేళ్లుగా కొండ మీద ఒక ఏకోపాధ్యాయ పాఠశాలలో విద్యా వాలంటీరుగా పాఠాలు చెబుతోంది. ఆ ఏడేళ్లలో ఆమె మార్కుల జాబితాను చూసి నువ్వు బడికి పనికిరావు అన్నవారు ఒక్కరూ లేరు. పాఠం చెప్పడం ఎలాగో నేర్చుకుంటానని వచ్చినప్పుడే ఆ కాగితం అడ్డం వచ్చింది.

ఈ వ్యాసంలో నేను వాదించదలచుకున్నది ఆ కాగితం గురించే. ఒప్పంద ఉపాధ్యాయుడికి, వాలంటీరుకి, చిన్న ప్రైవేటు బడిలో నాలుగు వేలకో అయిదు వేలకో పనిచేసే పంతులమ్మకి శిక్షణా కోర్సులో ప్రవేశం ఇచ్చేటప్పుడు, ఎప్పుడో పదిహేడేళ్ల వయసులో వచ్చిన ఇంటర్ మార్కుల శాతాన్ని గడపగా పెట్టడం తప్పని నా అభిప్రాయం. అది నాణ్యత పేరుతో నాణ్యతకే చేటు చేస్తోంది. శిక్షణ ముగించి బయటికి వెళ్లే చోట ఎంత కఠినంగా ఉన్నా నాకు అభ్యంతరం లేదు. నిజానికి ఇప్పుడున్నదానికంటే కఠినంగా ఉండాలనే కోరుకుంటాను.

ముందుగా నిబంధన ఎక్కడినుంచి వచ్చిందో చెప్పాలి. విద్యాహక్కు చట్టం 2010 ఏప్రిల్ 1న అమలులోకి వచ్చింది. దాని 23వ సెక్షన్ ప్రకారం ఉపాధ్యాయుడికి ఉండవలసిన కనీస అర్హతలను కేంద్రం నియమించిన విద్యా ప్రాధికార సంస్థ నిర్ణయించాలి. ఆ బాధ్యత జాతీయ ఉపాధ్యాయ విద్యా మండలికి, అంటే ఎన్.సి.టి.ఇ.కి దక్కింది. 2010 ఆగస్టు 23 నాటి నోటిఫికేషన్‌లో మండలి ఒకటి నుంచి అయిదు తరగతులకు ఇంటర్‌లో 50 శాతం మార్కులు, రెండేళ్ల డిప్లొమా, ఆపైన టెట్ అనే ఉపాధ్యాయ అర్హత పరీక్ష ఉండాలని చెప్పింది. అప్పటికే బడుల్లో ఉన్నవారు అర్హత సంపాదించుకోవడానికి చట్టం అయిదేళ్ల గడువిచ్చింది. 2015 మార్చి 31తో గడువు ముగిసినా లక్షల మంది అలాగే మిగిలిపోయారు. 2017లో పార్లమెంటు చట్టాన్ని సవరించి గడువును 2019 మార్చి 31 దాకా పొడిగించింది. ఆ ఒత్తిడిలోనే జాతీయ సార్వత్రిక విద్యాసంస్థ, మనం ఎన్.ఐ.ఓ.ఎస్. అని పిలిచే సంస్థ, దూరవిద్యలో డి.ఎల్.ఎడ్. ప్రారంభించింది. దేశమంతటా 10 లక్షలకు పైగా ఉపాధ్యాయులు చేరారు. ఇంటర్‌లో మార్కులు చాలనివారిని చేర్చుకున్నారు గానీ, వారు కొన్ని సబ్జెక్టులు మళ్లీ రాసి శాతాన్ని పెంచుకుంటేనే డిప్లొమా చేతికి వస్తుందన్నారు. మన రాష్ట్రాల్లో నేరుగా డైట్ కళాశాలలో, అంటే జిల్లా విద్యా శిక్షణ సంస్థలో, చేరడానికి రాసే డీసెట్ ప్రవేశ పరీక్షకైతే ఆ వెసులుబాటు కూడా లేదు. ఓసీ, బీసీ అభ్యర్థులకు 50, ఎస్సీ, ఎస్టీలకు 45 శాతం ఉంటేనే దరఖాస్తు.

ఇప్పుడు ఆ 432 ఏం చెబుతుందో చూద్దాం. ఆమె బైపీసీ చదివింది. వెయ్యి మార్కుల్లో ఇంగ్లీషుకు 200, ద్వితీయ భాషకు 200, మిగిలినవన్నీ వృక్షశాస్త్రం, జంతుశాస్త్రం, భౌతిక, రసాయన శాస్త్రాలు, వాటి ప్రాక్టికల్స్. ఏజెన్సీ జూనియర్ కళాశాలలో ఆమె చదివిన రెండేళ్లలో ఫిజిక్స్ అధ్యాపకుడు ఉన్నది కొన్ని నెలలే. ద్వితీయ భాషగా తెలుగు తీసుకుంది, ఎందుకంటే ఆ కళాశాలలో ఉన్నది అదే. పట్టణాల్లోని కార్పొరేట్ కళాశాలల పిల్లలు సంస్కృతం తీసుకుని, అక్షరమాల కూడా సరిగ్గా రాకపోయినా, నూటికి తొంభై ఎనిమిది తెచ్చుకోవడం మన రాష్ట్రాల్లో అందరికీ తెలిసిన బహిరంగ రహస్యం. నేను సంస్కృతానికి వ్యతిరేకిని కాను, సంస్కృతాన్ని నిజంగా చదివిన మిత్రులు నాకున్నారు, వారు ఈ మాట వింటే నాకంటే ఎక్కువ బాధపడతారు. కానీ ఒక్క ద్వితీయ భాష ఎంపికతోనే ఇద్దరు విద్యార్థుల మధ్య నలభై యాభై మార్కుల తేడా వచ్చే పరీక్షలో, పద్దెనిమిది మార్కులు తగ్గాయని ఒకరిని అనర్హురాలనడంలో ఏ కొలత ఉంది? ఆమె ఒకటో తరగతి పిల్లవాడికి కూడిక నేర్పగలదా లేదా అన్న ప్రశ్నకు రసాయన శాస్త్రంలో ఆమెకు వచ్చిన మార్కులు ఏ జవాబూ చెప్పవు.

మరో చిక్కు ఉంది. ఇంటర్ ఉత్తీర్ణతకు ప్రభుత్వం పెట్టిన గీత 35 శాతం. ఆ గీత దాటినవాడు డిగ్రీ చదవవచ్చు, డిగ్రీలో మంచి మార్కులు తెచ్చుకోవచ్చు. ఇంటర్‌లో 46 శాతం, డిగ్రీలో 60 శాతం తెచ్చుకున్న బీసీ అభ్యర్థి బి.ఎడ్.కు అర్హుడు, ప్రాథమిక పాఠశాల డిప్లొమాకు మాత్రం అనర్హుడు. పోనీ ఆ బి.ఎడ్.తో ప్రాథమిక పాఠశాలలో చేరదామంటే, 2023 ఆగస్టు 11న సుప్రీంకోర్టు బి.ఎడ్. ప్రాథమిక తరగతులకు పనికిరాదని తేల్చింది. ఆ తీర్పులోని తర్కంతో నాకు పేచీ లేదు. చిన్నపిల్లలకు చదువు చెప్పడం వేరే విద్య, దానికి వేరే శిక్షణ కావాలన్న మాట నిజమే. అంత వేరే విద్య అయినప్పుడు, దాన్ని నేర్చుకోవడానికి వచ్చినవాడి డిగ్రీని పక్కకు నెట్టి ఇంటర్ మార్కులే చూడటమెందుకు? 2011లో సవరించిన నియామక అర్హతల్లో ఎన్.సి.టి.ఇ. స్వయంగా, డిగ్రీతో పాటు రెండేళ్ల డిప్లొమా ఉన్నా సరే అని ఒక దారి పెట్టింది. అంటే ఉద్యోగం దగ్గర డిగ్రీని లెక్కలోకి తీసుకుంటున్నారు, ఆ ఉద్యోగానికి వెళ్లే శిక్షణ గుమ్మం దగ్గర తీసుకోవడం లేదు. గర్భగుడిలోకి అందరికీ ప్రవేశం ఉందని బోర్డు పెట్టి గాలిగోపురానికి తాళం వేసినట్టుంది.

చరిత్రలోకి కాస్త వెనక్కి వెళితే ఈ శాతాల పట్టింపు ఎంత కొత్తదో తెలుస్తుంది. మా నాన్నగారు ఎనిమిదో తరగతి చదివి హయ్యర్ గ్రేడ్ ట్రైనింగు అయ్యారు. ఆయన తరంలో ఉపాధ్యాయుల హోదాలు వారు పొందిన శిక్షణ స్థాయిని బట్టి ఉండేవి. ఇప్పటికీ మనం ఎస్.జి.టి. అని పిలుచుకునే సెకండరీ గ్రేడ్ టీచర్ అన్న పేరు ఆ కాలపు అవశేషమే. తరువాత పదో తరగతితో టి.టి.సి. అనే ఉపాధ్యాయ శిక్షణ కోర్సు వచ్చింది, ఆ తరువాత ఇంటర్ వచ్చింది. చదువు స్థాయి పెరగడం సహజం, అవసరం కూడా. కానీ ఆ రోజుల్లో తక్కువ చదివినవాణ్ణి తీసుకుని ఎక్కువ శిక్షణ ఇచ్చేవారు. ఆయన వల్లెవేసిన పాఠ్యపథకాలు, నమూనా పాఠాలు, సూపర్‌వైజరు వచ్చి వెనుక బెంచీలో కూర్చుని రాసిన విమర్శలు ఆయనకు డెబ్భై ఏళ్లు వచ్చాక కూడా కంఠస్థంగా ఉండేవి. ఇప్పుడు వడపోత అంతా ప్రవేశం దగ్గరే అయిపోతోంది, లోపల నేర్పేది పలచబడుతోంది.

ఒప్పంద ఉపాధ్యాయుణ్ణి మన వ్యవస్థ చూసే తీరే ఈ చిక్కుకు మూలమని నాకు అనిపిస్తుంది. నియామకంలో జాప్యం జరిగినప్పుడల్లా, ఖజానాలో డబ్బు లేదన్నప్పుడల్లా, ఏ డీఎస్సీ నియామక పరీక్ష కేసుల్లో చిక్కుకున్నప్పుడల్లా ప్రభుత్వం తాత్కాలికం అన్న మాటను బయటికి తీస్తుంది. 1983 తరువాత ఉమ్మడి రాష్ట్రంలో నెలకు 398 రూపాయల మీద ప్రత్యేక ఉపాధ్యాయులను తీసుకున్నారు. ఆ కాలపు మాస్టార్లు తమను తాము 398 టీచర్లమని ఇప్పటికీ చెప్పుకుంటారు. తరువాత విద్యా వాలంటీర్లు వచ్చారు, అకడమిక్ ఇన్‌స్ట్రక్టర్లు వచ్చారు, ఆశ్రమ పాఠశాలల్లో, కస్తూర్బా విద్యాలయాల్లో సీఆర్‌టీలనే ఒప్పంద ఉపాధ్యాయులు వచ్చారు. తాత్కాలికంగా వచ్చినవారికి శిక్షణ ఎందుకు, రేపో మాపో వెళ్లిపోతారు కదా అన్నది పాలనలో తరచూ వినబడే మాట. ఏడేళ్లు, పదేళ్లు అలాగే గడిచిపోతాయి. మనిషి తాత్కాలికమే కావచ్చు, ఆ మనిషి చేతిలో ఒకటో తరగతి చదివిన పిల్లవాడికి ఒకటో తరగతి మళ్లీ రాదు.

ఉత్తరప్రదేశ్ శిక్షామిత్రల కథను ఇక్కడ ప్రస్తావించాలి, ఎందుకంటే నా వాదానికి ఎదురుగా చాలామంది దాన్నే చూపిస్తారు. 1999 తరువాత అక్కడ గ్రామాల్లో ఇంటర్ చదివిన యువతను నెల గౌరవ వేతనం మీద తీసుకున్నారు. పదేళ్లు దాటాక దూరవిద్యలో రెండేళ్ల శిక్షణ ఇప్పించి, 2014 నుంచి లక్షకు పైగా మందిని సహాయ ఉపాధ్యాయులుగా క్రమబద్ధీకరించారు. 2015 సెప్టెంబరులో అలహాబాదు హైకోర్టు దాన్ని కొట్టివేసింది, 2017 జూలై 25న సుప్రీంకోర్టు ఆ తీర్పును సమర్థించింది. చూశారా, గేట్లు ఎత్తేస్తే ఇలాగే అవుతుంది అంటారు. నేను ఆ కథను వేరుగా చదువుతాను. అక్కడ కోర్టు తప్పుపట్టింది కనీస అర్హతలు, అందులో టెట్ కూడా, లేకుండా, బహిరంగ పోటీ లేకుండా ఉద్యోగాలు కట్టబెట్టడాన్ని. శిక్షణలో ప్రవేశం వేరు, ఉద్యోగంలో ప్రవేశం వేరు. మన పాలకులు ఓట్ల కోసం ఆ రెంటినీ కలిపేస్తారు, మన అధికారులు భయంతో ఆ రెంటినీ కలిపి మూసేస్తారు. ఒప్పంద ఉద్యోగులను దొడ్డిదారిన క్రమబద్ధీకరించకూడదని 2006 ఏప్రిల్ 10న ఉమాదేవి కేసులో సుప్రీంకోర్టు చెప్పిన మాట చట్టంగా నిలిచి ఉంది. ఆ మాటకు భయపడి శిక్షణ కూడా ఇవ్వకుండా ఉండాల్సిన పని లేదు. శిక్షణ పొందిన వాలంటీరు రేపు డీఎస్సీలో అందరితో పాటు పోటీపడతాడు, నెగ్గితే నెగ్గుతాడు.

పోటీపడి డైట్‌లో సీటు సంపాదించినవారికి ఇది అన్యాయం కాదా అన్న ప్రశ్న న్యాయమైనదే. ఆ కుర్రాళ్లతో నేను చాలాసార్లు వాదించాను, వారి కోపం నాకు అర్థమవుతుంది. రెండేళ్లు హాస్టల్లో ఉండి, పాఠ్యపథకాలు రాసి, ఇంటర్న్‌షిప్ చేసి వచ్చిన డిప్లొమా కాగితమూ, ఆదివారాలు హాజరై వచ్చిన డిప్లొమా కాగితమూ ఒకటేనా అంటారు. ఒకటి కాదనే నేనూ అంటాను. ఎన్.ఐ.ఓ.ఎస్. కోర్సును దగ్గర నుంచి చూసినవాణ్ణి కనుక దాని లోపాలు దాచను. రెండేళ్ల కోర్సును పద్దెనిమిది నెలలకు కుదించారు. వీడియో పాఠాలు 'స్వయం' అనే ప్రభుత్వ ఆన్‌లైన్ వేదిక మీద ఉన్నాయన్నారు, కొండ మీద సిగ్నలే లేదు. అసైన్‌మెంట్ల జవాబులు బస్టాండు ఎదుట జిరాక్సు దుకాణంలో కట్టలుగా అమ్మేవారు. నేను దిద్దిన వాటిలో ఒక కట్టలో ముప్పైమంది 'శిశుకేంద్రిత' అన్న మాటను ఒకే అక్షరదోషంతో రాశారు. మార్కుల శాతాన్ని అంత నిక్కచ్చిగా చూసిన వ్యవస్థ ఆ జిరాక్సు కట్టలను చూడలేదు. ప్రవేశం దగ్గర చూపిన పట్టుదలలో పదో వంతు లోపల చూపించి ఉంటే, ఆ డిప్లొమా విలువ గురించి తరువాత అన్ని కోర్టు కేసులు నడిచేవి కావు.

ఆ కేసుల సంగతి క్లుప్తంగా చెబుతాను. పద్దెనిమిది నెలల డిప్లొమా రెండేళ్ల డిప్లొమాతో సమానం కాదని 2023 నవంబరు 28న సుప్రీంకోర్టు చెప్పింది. ఉద్యోగంలో ఉండి గడువులోగా పూర్తి చేసినవారికి అది వర్తించదని ఆ తరువాత కోర్టే స్పష్టత ఇచ్చింది. మధ్యలో నలిగింది ప్రభుత్వం చేరమంటే చేరినవారు.

తిరిగి మార్కుల దగ్గరికి వస్తాను. ఈ శాతం ఎవరిని బయట నిలబెడుతుందో చూస్తే, ఎవరిని లోపలికి తేవాలో వారినే. ఉమ్మడి రాష్ట్రంలో 2004లో సవర, గోండి, కోయ, కువి, కొండ, కోలామి, బంజారా, ఆదివాసీ ఒడియా అనే ఎనిమిది భాషల్లో బహుభాషా విద్యా కార్యక్రమం మొదలైంది. తెలుగు లిపిలో ఆ భాషల వాచకాలు వచ్చాయి. వాచకాలు ఉంటే చాలదు, వాటిని చదివి చెప్పే మనిషి కావాలి. ఆ భాష ఇంట్లో మాట్లాడే మనిషి ఎవరు? కొండ మీద బడిలో చదివి, ఆశ్రమ పాఠశాలలో పెరిగి, తనది కాని భాషలో పరీక్షలు రాసి, 40 నుంచి 50 శాతం మధ్యలో ఇంటర్ గట్టెక్కిన మనిషి. ఏజెన్సీ ఉపాధ్యాయ పోస్టులన్నీ స్థానిక గిరిజనులకే కేటాయించిన 2000 జనవరి నాటి 3వ నంబరు జీవోను 2020 ఏప్రిల్ 22న సుప్రీంకోర్టు కొట్టివేసింది. కనుక ఇకమీదట ఆ మనిషి బయటివారితో పోటీపడి రావాలి. శిక్షణే లేనివాడు ఏ పోటీకి వెళతాడు?

గిడుగు రామమూర్తి పంతులుగారి పేరు మనం ఏటా ఆగస్టు 29న తలుచుకుంటాం. పర్లాకిమిడిలో ఉంటూ ఆయన సవర భాష నేర్చుకున్నారు, ఆ పిల్లల కోసం వాచకాలు తయారుచేశారు, సొంత డబ్బుతో బడులు పెట్టించారు, ఆ భాషకు వ్యాకరణం, నిఘంటువు రాశారు. ఆ బడుల్లో చెప్పడానికి సవర తెలిసిన మనుషులే ఆయనకు కావలసి వచ్చారు. ఇవాళ ఆయన వచ్చి సవర బడికి పంతుల్ని వెతికితే, మొట్టమొదట ఎంపిక చేసుకునే మనిషిని మన డీసెట్ దరఖాస్తు ఫారం తీసుకోదు.

అలాగని ఎవరినైనా చేర్చుకోమని నేను అనడం లేదు. కనీసం రెండు మూడేళ్లు వరుసగా తరగతి గదిలో పనిచేసినట్టు రుజువు అడగాలి. ఆ రుజువు బడి యాజమాన్యం దయ మీద ఆధారపడకూడదు. ప్రైవేటు బడుల్లో సర్వీసు సర్టిఫికెట్ అడిగితే రేపు పీఎఫ్ అడుగుతారేమోనని ఇవ్వని యాజమాన్యాలను నేను చూశాను, ఒకచోట ఆ ఒక్క కాగితం కోసం ఇద్దరు పంతులమ్మలు ఉద్యోగం పోగొట్టుకున్నారు. హాజరు రికార్డులు ఇప్పుడు ఆన్‌లైన్లోనే ఉంటున్నాయి కనుక వాటినే చూడవచ్చు. ఇంటర్ మార్కుల బదులు భాష, లెక్కలలో అయిదో తరగతి నుంచి పదో తరగతి స్థాయి దాకా ఒక పరీక్ష పెట్టాలి. ఉపాధ్యాయుడికి నిజంగా రావలసినవి అవే, అందులో తప్పినవారికి మొదటి ఆరు నెలలు ఆ విషయాలే నేర్పాలి. రసాయన శాస్త్రం మళ్లీ రాయించడం కంటే భిన్నాలు, స్థానవిలువ, రాతలో వచ్చే తప్పులు సరిగ్గా నేర్పించడం ఎంతో మేలు. మన ఉపాధ్యాయుల్లో, శిక్షణ పొందినవారితో సహా, భిన్నాల భాగహారంలో రెండోదాన్ని ఎందుకు తలకిందులు చేస్తామో చెప్పగలిగినవారిని వేళ్ల మీద లెక్కపెట్టవచ్చు. 50 శాతం గీత దాన్ని ఎన్నడూ పట్టుకోలేదు.

ఆ తరువాత అసలు శిక్షణ వారి బడిలోనే జరగాలి. డైట్ అధ్యాపకుడు, లేదా అనుభవజ్ఞుడైన ప్రధానోపాధ్యాయుడు ఏడాదికి కనీసం పది పన్నెండుసార్లు వెళ్లి, వారి పాఠం పూర్తిగా చూసి, ఏం బాగుందో ఏం బాగులేదో అక్కడే చెప్పాలి. చివరి పరీక్షలో సగం మార్కులు రాతకైతే, సగం కళ్లముందు చెప్పిన పాఠానికి ఉండాలి, ఆ పాఠం చూడటానికి వచ్చేవారు బయటి జిల్లావారై ఉండాలి. అందులో ఫెయిలైనవారిని నిస్సంకోచంగా ఫెయిల్ చేయాలి. దీనికి డబ్బు ఖర్చవుతుంది, డైట్‌లలో ఖాళీలు నింపాలి, వాహనం కావాలి. మార్కుల శాతం పెట్టడానికి మాత్రం ఒక వాక్యం చాలు, అందుకే అది ప్రభుత్వాలకు ఇష్టం.

2019లో వచ్చిన జాతీయ విద్యావిధాన ముసాయిదా 2022 నాటికి దేశంలో పారా టీచర్ల, అంటే తాత్కాలిక ఉపాధ్యాయుల, పద్ధతినే ఆపేస్తామంది. 2020లో తుది విధానం వచ్చేసరికి ఆ వాక్యం లేదు. దాని బదులు 2030 నాటికి ఉపాధ్యాయుడికి నాలుగేళ్ల సమగ్ర బి.ఎడ్. కనీస అర్హత అవుతుందన్న వాక్యం ఉంది. అంటే తాత్కాలిక ఉపాధ్యాయులు ఉంటారు, గోడ ఇంకాస్త ఎత్తు పెరుగుతుంది. మరోసారి ఏదో ఒక ఏడాది గడువు ముంచుకొస్తుంది, మరోసారి హడావిడిగా ఒక కోర్సు పెడతారు, జిరాక్సు దుకాణాలు కళకళలాడతాయి.

ఆ సవర అమ్మాయి 2018 అక్టోబరులో రెండు సబ్జెక్టులు మళ్లీ రాసింది. ఫలితం వచ్చాక నాకు ఫోన్ చేసి, ఇంకా ఆరు మార్కులు తగ్గాయని చెప్పింది. తరువాతి పరీక్ష ఏప్రిల్లో, గడువు మార్చి 31. గడువు దాటాక రాసి ఏం లాభమని ఫీజు కట్టలేదు. రాయమ్మా, తరువాత చూసుకుందామని నేను అన్నాను గానీ నా గొంతులోనూ నమ్మకం లేదని ఆమెకు తెలిసే ఉంటుంది. మరుసటి ఏడాది ఆమె బడికి వాలంటీరును కొనసాగించలేదు, పిల్లల్ని కింది ఊరి బడికి పంపారు. ఇప్పుడు అదే ఊళ్లో అంగన్‌వాడీలో పనిచేస్తోంది. కిందటి సంక్రాంతికి వెళ్లినప్పుడు చూశాను. గోడ మీద బొగ్గుతో వేసిన బొమ్మల కింద సవర మాటలు తెలుగు అక్షరాల్లో రాసి ఉన్నాయి, అయిదారుగురు పిల్లలు వాటిని వేలితో చూపిస్తూ చదువుతున్నారు. ఆ ఉద్యోగానికి అడిగింది పదో తరగతి ఒక్కటే.